పంచనామాలో తప్పు టైమ్

ఆగమ్మ ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది.

మంగళవారం ఉదయం 11:10. హుస్సేనీ ఆలంలో ఒక సన్న గల్లీ. చీపురు ఒక పక్క, చెత్త బండి ఒక పక్క, మధ్యలో ఆమె. గుద్దిన కారు ఆగలేదు.

ఆస్పత్రి స్ట్రెచర్ మీద నుంచి ఆ స్వీపరమ్మ ఒక్కటే మాట చెప్పింది. నీలం కారు, నంబర్ చివర 47.

ఆ చుట్టుపక్కల అలాంటి కారు ఒక్కటే ఉంది. సాయంత్రం 4:40కి ఎస్సై సాహిత్య దాని ముందు నిలబడింది. తీరా చూస్తే అది కదిలే కారు కాదు.

"రెండు నెలలైందమ్మా బండి బయటికి తీసి," అన్నాడు ఓనర్ కృష్ణప్రసాద్. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ గవర్నమెంట్ ఆఫీసరు. "బ్యాటరీ ఎప్పుడో డౌనైపోయింది. అప్పట్నుంచీ బానెట్ ఎత్తిన వాళ్ళు కూడా లేరు. కావాలంటే మా బావమరిదిని అడగండి."

బావమరిది ఫణి అవునన్నట్టు తలూపి తాళం చెవి అందించాడు. సాహిత్య తిప్పింది. టిక్. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టిక్. డ్యాష్‌బోర్డు మీద గడియారం అంకెలు మాత్రం మసగ్గా వెలిగాయి. ఇంజిన్ దగ్గు కూడా దగ్గలేదు.

బంపర్ చూద్దామంటే దాని నిండా పాత గీతలే. గల్లీ చివర కెమెరా చూద్దామంటే అది నెల రోజులుగా ఆకాశంకేసి చూస్తోంది. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"పదకొండు పదికి మీరెక్కడ?"

"బ్యాంకులో. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అక్కడే ఉన్నాను."

"మీరు?"

"ఇంట్లోనే మేడమ్. పడుకున్నాను," అన్నాడు ఫణి.

బ్యాంకుకి ఫోన్ చేస్తే కృష్ణప్రసాద్ మాట నిజమేనని తేలింది. ఇంక మిగిలింది పంచనామా. కానిస్టేబుల్ మొగులయ్య రాసి, సాక్షుల సంతకాలు కూడా పెట్టించేశాడు. సాహిత్య చదివి నెత్తి కొట్టుకుంది. కారు పరీక్షించిన సమయం 5:05 అని ఉంది. ఆమె చేతి వాచీలో అప్పటికింకా 4:55 కూడా కాలేదు.

"ఈ టైమ్ ఎక్కడిది మొగులయ్యా?"

"నా ఫోన్ బందైంది మేడం. మీరు చెవి తిప్పినప్పుడు కార్ల గడియారం వెలిగింది గద. గది చూసి రాసిన."

సంతకాలయ్యాక దిద్దితే కోర్టులో లాయరు ఊరుకోడు. దిద్దకపోతే సీఐ తల తినేస్తాడు. పాపం, తనకంటే పదిహేనేళ్ళు పెద్దవాడని కూడా చూడకుండా మొగులయ్యని ఐదు నిమిషాలు దులిపేసింది.

ఆరింటికి సీఐ ఫోన్. తిరగని బండిని పట్టుకుని వేలాడొద్దట. రేపు పదకొండుకల్లా ఆ కారుని కేసులోంచి తప్పించి రిపోర్టు పెట్టాలట. ఆరున్నరకి స్వీపర్ల కాంట్రాక్టరు స్టేషన్‌కొచ్చాడు. ఆగమ్మ కల్లు తాగి తనే పడిందనీ, పోలీసులు కూడా కారు లేదంటే ఆమె పేరు కొట్టేస్తాననీ చెప్పి పోయాడు. పేరు కొట్టేస్తే పని పోతుంది. ఇరవై రెండేళ్ళు ఆ గల్లీలు ఊడ్చిన మనిషికి తాగుబోతని పేరొకటి మిగులుతుంది.

సాహిత్య ఆస్పత్రికి వెళ్ళింది. అలసిపోయి ఉంది, చిరాగ్గా ఉంది. అడగకూడని మాట అడిగేసింది.

"ఆగమ్మా, నిజం చెప్పు. పొద్దున కల్లేమైనా తాగావా?"

"నలభై ఏడు. నేను చూసిన బిడ్డా," అని ఆగమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు ఉదయం 8:50. సాహిత్య తన సొంత కారు తాళం తిప్పింది. టిక్.

ఈ నెలలో ఇది మూడోసారి. రోజూ తిరిగేది స్టేషన్ జీపులో. సొంత బండి పది రోజులకోసారి కూడా కదలదు. కదలాల్సిన రోజున ఇదిగో, ఇలా ప్రాణం తీస్తుంది. స్టీరింగ్ మీద ఒక్కటి చరిచి, ఆటో ఎక్కి సంతోష్‌నగర్‌లో బాలమ్మ బ్యాటరీ షాపుకి పోయింది.

బాలమ్మ చేతులు తుడుచుకుంటూ రెండు ఛార్జర్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మామూలుది. తీసుడు మరిస్తే బ్యాటరీని ఉడకబెడ్తది. ఇది ఆటోమేటిక్. నిండంగనే తనే ఆగుతది, తగ్గితే తనే ఇంత ఇస్తది. నెలంత తగిలిచ్చి పెట్టినా ఫికర్ లేదు. మీది చిన్న కారు గద, నాలుగు ఆంపులది మస్తు. కరెంటు పోయొస్తే మళ్ళ తనే మొదలువెట్టేదే తీస్కోండ్రి. అన్నిట్ల ఆ గుణం ఉండదు."

"బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుని ఛార్జ్ చేసుకోవచ్చా?"

"ఎందుకు మేడం ఆ లొల్లి? కారులనే ఉంచి క్లిప్పులు పెట్టుండ్రి. ఊడదీసి మళ్ళ పెడితే మీ కార్ల గడియారం పన్నెండు నుంచి మొదలైతది. మళ్ళ టైం సెట్ చేసుకోవాలె."

సాహిత్య చేతిలో పర్సు అలాగే ఉండిపోయింది.

ఫోన్లో ఉన్న పంచనామా ఫోటో తెరిచి చూసింది. 5:05. అప్పుడు అసలు టైమ్ 4:40. పన్నెండు నుంచి మొదలైతే ఆ గడియారం ఐదు గంటల ఐదు నిమిషాలు నడిచింది. 4:40 నుంచి అంత వెనక్కి పోతే ఉదయం 11:35. ఆగమ్మని గుద్దిన ఇరవై ఐదు నిమిషాలకి ఎవరో బ్యాటరీ మార్చారు.

మొగులయ్యకి ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఆలోచించి ముందురోజు రాత్రి పదకొండున్నర కూడా కావచ్చు కదా అన్నాడు. కావచ్చు, కానీ ఎత్తనేలేదన్న బానెట్ ఎవరో ఎత్తారన్నది ఖాయం. తీసేసిన మంచి బ్యాటరీ పన్నెండు కిలోలుంటుంది, దాన్ని ఎవరూ దూరం మొయ్యరు, ఇల్లంతా వెతుకుదాం రమ్మంది. డబ్బిచ్చి, ఛార్జర్ మాత్రం బల్ల మీదే మరిచి ఆటో ఎక్కింది.

10:25. మెట్ల కింద గోనెసంచుల వెనక మొగులయ్యకి బ్యాటరీ దొరికింది. కొత్తది. ఫణి మొహం పాలిపోయింది. కృష్ణప్రసాద్‌కి ఏమీ అర్థం కాలేదు.

మొగులయ్య పాత బ్యాటరీ తీసి కొత్తది బిగించాడు. సాహిత్య తాళం తిప్పింది. గడియారం వెలిగింది.

12:00.

ఇంకొంచెం తిప్పింది. ఇంజిన్ ఒక్క దెబ్బకి అందుకుంది.

"నిన్న ఈ గడియారం పదకొండు ముప్పై ఐదుకి మొదలైంది," అంది సాహిత్య. "అప్పుడు మీ బావగారు బ్యాంకులో ఉన్నారు. ఇంట్లో ఉన్నది మీరొక్కరే, ఫణి."

ఫణి మెట్ల మీద కూర్చుని అంతా ఒప్పుకున్నాడు. రెండు నెలల కిందట బ్యాటరీ పోయిన మాట నిజమే. తనే కొత్తది కొని పెట్టుకుని, ఆ సంగతి చెప్పకుండా బావ ఇంట్లో లేనప్పుడల్లా కారు తిప్పుకునేవాడు. ఎక్స్ఛేంజికి ఇవ్వని పాత బ్యాటరీ మూల పడి ఉంది. ఆగమ్మని గుద్దాక భయపడి ఇంటికొచ్చి, ఆ పాతదాన్నే తిరిగి కారులో పెట్టి కొత్తది దాచేశాడు.

"మనిషి పడిపోయిందని తెలిసి కూడా ఆగలేదా?" అన్నాడు కృష్ణప్రసాద్.

10:55కి సీఐకి ఫోన్. 11:05కి కాంట్రాక్టరుకి. ఆగమ్మ పేరు కొట్టేస్తే నిన్ను కూడా స్టేషన్‌లో కూర్చోబెడతానని సాహిత్య చెప్పింది. కొట్టనన్నాడు. మొగులయ్యకి మాత్రం ఏం చెప్పాలో తెలియక, తనే టీ తెచ్చి ఇచ్చింది.

12:15కి ఆస్పత్రి. ఆగమ్మ అంతా విన్నది. కారు దొరికిందని, పని పోలేదని, ఎలా పట్టుకున్నారో కూడా.

"గడియారం చెప్తె నమ్మినవు బిడ్డా," అంది. "నేను చెప్తె కల్లు తాగినవా అని అడిగినవు."

సాహిత్య స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కాగితం తీసింది.

"తప్పు నాదేనమ్మా. మొదట్నుంచీ మళ్ళీ చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాస్తాను."

ఆగమ్మ కాగితం వైపు వేలు చూపించింది.

"ముందుగాల నంబర్ రాయి."