అమ్మాయి కూర్చుందా?

"పన్నెండింటికి రైలు వంతెన మీద ఉంటుంది. అప్పుడే రైల్లో ఉన్న బాంబు పేలుస్తారు," అన్నాడు చీఫ్. "ముందే ఆపితే, ఆపిన చోటే పేలుస్తారు."

ఏజెంట్ పదకొండు గడియారం చూసుకున్నాడు. ఆ రైల్లో అతని అక్క వస్తోంది. స్టేషన్‌కి రమ్మని పొద్దున్నే ఫోన్ చేసింది.

చీఫ్ ఒక చిన్న కార్డు బల్లమీద పెట్టాడు. సెల్యులార్ మోడెమ్. విదేశీ ముఠా ఆఫీసులో ఉన్న రూటర్‌లో దీన్ని బిగిస్తే, బాంబుకి వెళ్ళే ఆర్డర్ దారి మళ్ళి చీఫ్ కంప్యూటర్‌లోకి వచ్చి పడుతుంది. కోడ్‌లో దాని పేరు 'అమ్మాయి'. స్లాట్‌లో సరిగ్గా కూర్చుంటే పచ్చలైటు వెలుగుతుంది. అది చూశాకే కూర్చుందని చెప్పాలి.

"ఈ కోడ్ మనిద్దరికీ కాక ఇంకొకరికి తెలుసు. ఎవరని అడక్కు."

పదకొండు కార్డు జేబులో వేసుకున్నాడు.

పదకొండున్నరకల్లా అతను పెట్టుడు మీసంతో, నెట్ రిపేరు మనిషి వేషంలో ముఠా ఆఫీసులో ఉన్నాడు. మోడెమ్‌ను రూటర్ వెనక స్లాట్‌లోకి తోశాడు. స్క్రూ బిగించబోతుంటే తలుపు తెరుచుకుంది.

ఎర్రకోటులో ఒకావిడ, వెనక పిస్టల్‌తో కాపలావాడు. ఆవిడను ముఠాలో అందరూ మేడమ్ అంటారు. రెండు దేశాల జీతం తింటుందనీ, పని ఏ దేశానికి చేస్తుందో తెలియదనీ చెప్పుకుంటారు. కాపలావాడు పదకొండును గోడకి ఆనించి, పక్కటెముకల్లో పిస్టల్ గుచ్చాడు. మేడమ్ రూటర్ ముందు కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లోంచి చీఫ్ గుసగుసలాడాడు. "కూర్చుందా?"

పదకొండు మేడమ్‌నే చూస్తున్నాడు. "కూర్చుంది," అన్నాడు పెదవి కదపకుండా.

"శభాష్." లైను తెగిపోయింది.

తను ఎవరి గురించి చెప్పాడో అతనికి అప్పుడు అర్థమైంది. రూటర్ మీద పచ్చలైటు లేదు. మోడెమ్ స్లాట్‌లోంచి అర అంగుళం బయటికే ఉంది.

లాప్‌టాప్‌లో పదకొండూ యాభై ఎనిమిది. పన్నెండు కొట్టగానే ఆర్డర్ దానంతటదే వెళ్ళిపోతుంది. రూటర్ రెండడుగుల దూరంలో ఉంది. కదిలితే తూటా, కదలకపోతే అక్క. ఈపాటికి సామానంతా తలుపు దగ్గరికి చేర్చేసి ఉంటుంది. దిగడానికి గంట ముందు నుంచీ ఆమెకి హడావిడే. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది. చెయ్యగలిగింది ఏమీ లేదు. నోరొక్కటే మిగిలింది.

"మేడమ్," అన్నాడు. "అమ్మాయి సరిగ్గా కూర్చోలేదండి."

భయంతో వీడికి మతి పోయిందనుకుని కాపలావాడు నవ్వాడు. మేడమ్ తలెత్తలేదు. రూటర్ అడ్డమొచ్చినట్టు విసుక్కుని, దాని వెనక అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కింది.

టక్.

పచ్చలైటు మినుకుమంది. ఆరింది. మళ్ళీ వెలిగి నిలబడింది. పన్నెండయింది.

లాప్‌టాప్ తెరమీద రైలు వంతెన దాటిపోతోంది. ఇదేంటని కాపలావాడు ముందుకి వంగాడు. మేడమ్ లాప్‌టాప్ మూసి, దాంతోనే వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

"ఇప్పుడు కూర్చుంది," అంది పదకొండుతో. "మీ చీఫ్‌కి చెప్పు."

స్టేషన్‌లో అక్క సామాను మీద కూర్చుని ఉంది. రైలు టైముకే వచ్చిందనీ, ఆలస్యం చేసింది నువ్వేననీ తిట్టింది. తర్వాత అతని మొహంలోకి చూసి, "ఆ మీసమేంట్రా?" అంది. అతను ఆమెను గట్టిగా వాటేసుకున్నాడు.

మర్నాడు డిపార్ట్‌మెంట్ అంతటికీ సర్క్యులర్ వెళ్ళింది. ఇక మీదట మోడెమ్‌ను అందరూ 'అబ్బాయి' అనాలి.