రెండో పిలుపు

వర్జీనియా కొండల్లో ఒక గుహ ఉంది. దాని పేరు చెప్పను. చుట్టుపక్కలవాళ్ళు పొద్దుగూకాక ఆ వైపు కుక్కను కూడా తీసుకుపోరు. ఎప్పుడో ఒకాయన తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాడట. దూడ మర్నాడు ఇల్లు చేరింది. ఆయన చేరలేదు.

నేను దెయ్యాలను నమ్మను. ఎవరేం చెప్పినా నమ్మను. ఇది మోరిస్‌విల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు వీరాంజనేయులు చెప్పింది. సాయంత్రం నడకలో, ఇంకా కాస్త కుంటుతూనే చెప్పాడు.

ఆ కొండను గుహలంటే పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు కలిసి కొనుక్కున్నారు. ఇనుప గేటు పెట్టించారు. అనుమతి అడిగినవాళ్ళకు తాళం ఇస్తారు. డార్లీన్ అనే పెద్దావిడ అన్నీ చూసుకుంటుంది. తాళం చేతిలో పెట్టేముందు ఆవిడ షరతులు చెప్పింది. ముగ్గురికి తగ్గకూడదు. మనిషికి మూడు లైట్లు ఉండాలి. ఒకడికి దెబ్బ తగిలితే ఒకడు తోడుండాలి, ఇంకొకడు బయటికొచ్చి ఫోన్ చేయాలి. బయటికొచ్చినవాడు గేటు దగ్గరే ఉండాలి. మళ్ళీ లోపలికి వెళ్తే ఇద్దర్ని వెతకాల్సి వస్తుంది.

వీరాంజనేయులూ, అతని స్నేహితుడు కౌశికూ బుద్ధిగా తలలూపారు.

మూడోవాడు అనీష్. ఆఫీసులో ఏదో ఇష్యూ వచ్చిందని ఆ పొద్దున ఆగిపోయాడు. వీళ్ళు డార్లీన్‌కి ఆ మాట చెప్పలేదు. దార్లో ఉన్నాడు, వెనకాలే వస్తున్నాడు అన్నారు. మనవాళ్ళ నోట ఎప్పుడూ ఉండే మాటే. ఇక లైట్లంటారా... రెండోదీ మూడోదీ ఫోనే అనుకున్నారు.

లోపల చాలాదూరం వెళ్ళాక వీరాంజనేయులు జారాడు. చీలమండ విరిగింది. హెల్మెట్ లైటు పగిలింది. ఫోన్ నీళ్ళలో పడింది.

మిగిలింది కౌశిక్ లైటూ, ఫోనూ. లైటు లేకపోతే వాడు బయటికి వెళ్ళలేడు. ఫోన్ ఇచ్చేస్తే పైకెళ్ళి ఎవర్నీ పిలవలేడు. డార్లీన్ ఇచ్చిన పెద్ద చెత్త సంచిలో స్నేహితుణ్ణి మెడదాకా కూర్చోబెట్టాడు — ఒంట్లో వేడి పోకుండా ఉంటుందని ఆవిడే చెప్పింది. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ వెలుతురు మలుపు తిరిగింది... పోయింది.

అలాంటి చీకటి మనకు తెలియదు. కళ్ళు తెరిచామో మూశామో వేలితో తడిమి చూసుకోవాలట. ఎక్కడో ఒక చుక్క. చాలాసేపటికి ఇంకొకటి. ఆ రెండింటి మధ్యలో తన గుండె చప్పుడు తనకే వినపడేదట. ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను అని పైకి అనుకున్నాడు. ఆ మాట తన గొంతులా అనిపించలేదు. మళ్ళీ నోరు విప్పలేదు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

అప్పుడు వినపడింది.

“అంజీ...”

కౌశిక్ గొంతు. ఆఫీసులో అందరూ వీరా అంటారు. అంజి అనేది వాడొక్కడే.

పలకబోయి ఆగాడు. కౌశిక్ గేటు దగ్గర ఉండాలి కదా. డార్లీన్ అంతగా చెప్పాక లోపలికెందుకు వస్తాడు? పైగా చిన్నప్పుడు నాయనమ్మ మరీమరీ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మొదటిసారికి పలకకూడదు, రెండోసారికీ పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది పిలవదు.

అమెరికాలో ఇంజనీరుగా పనిచేస్తున్న మనిషి... రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

“అంజీ... ఎక్కడున్నావురా?”

ఈసారి ఇంకాస్త దూరం నుంచి. కింది వైపు నుంచి.

ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం ఎదురుచూశాడు. రావాలని మొక్కుకున్నాడు కూడా.

రాలేదు.

చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి.

చివరికి రెస్క్యూ వాళ్ళు వచ్చారు. బోలెడన్ని లైట్లు, తాళ్ళు, స్ట్రెచర్. వాళ్ళతో వచ్చిన డార్లీన్ ముందు అతని కాలు చూడలేదు. నీ స్నేహితుడేడీ అని అడిగింది. గేటు దగ్గర లేడా అన్నాడు వీరాంజనేయులు.

గేటు దగ్గర ఎవరూ లేరు.

పిలుపు కింది వైపు నుంచి వినపడిందని అతను చెప్పగానే సగంమంది కిందికి దిగారు. కౌశిక్ దొరికాడు, ప్రాణాలతోనే. నుయ్యి లాంటి గొయ్యి ఒకటుంటే దాని అంచున రాతిని కావలించుకుని పడుకున్నాడట. ఒక కాలు గొయ్యిలోకి వేలాడుతోంది. రాతిని పట్టుకున్న చేతివేళ్ళు విడిపించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

అంబులెన్స్‌లో పక్కపక్కనే పడుకోబెట్టారు. ఫోన్ చేసేశాక నిన్ను ఒంటరిగా వదలాలనిపించలేదురా, అందుకే వచ్చాను అన్నాడు కౌశిక్. వీరాంజనేయులుకు ఏడుపొచ్చింది. నాయనమ్మ మాట చెప్పి క్షమించమని అడుగుదామనుకున్నాడు. ముందు ఇదడిగాడు:

“రెండుసార్లే పిలిచావేంరా? ఇంకొక్కసారి పిలవచ్చు కదా?”

కౌశిక్ దుప్పట్లోంచి తల తిప్పి వింతగా చూశాడు.

“రెండోసారికి పలికావు కదరా. ఇటు రా, కాలు నొప్పిగా ఉంది అన్నావు. ఆ గొంతు పట్టుకునే ఇంకా కిందికి దిగాను.”

ఇక్కడ నేను అడ్డం పడ్డాను. అది ప్రతిధ్వని అన్నాను. గుహలో మామూలే అని గట్టిగా వాదించాను.

“ఆ రెండు పిలుపులకూ నేను నోరే విప్పలేదంకుల్” అన్నాడు వీరాంజనేయులు.

మరి కౌశిక్‌తో ఏమన్నావు అని అడిగాను.

“వాడు అప్పటికే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడంకుల్. అవున్రా, పలికింది నేనే అన్నాను.”