ఊడిన మెడ

మెట్లెక్కి వచ్చిన ఆ అమ్మాయి భుజాన మనిషంత పెట్టె ఉంది. దాన్ని గోడకి ఆనించి, డిటెక్టివ్ గది తలుపుకి గడియ తనే వేసి, కుర్చీ అంచున కూర్చుంది.

"ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందండీ. నాకు మతి చలించిందంటున్నారు. రేపో మాపో పిచ్చాసుపత్రిలో చేర్పిస్తారట. మా ఆయనా, మా మాస్టారూ కలిసే."

డిటెక్టివ్‌కి సహాయంగా ఉండే టీచరమ్మ మంచినీళ్ళిచ్చింది. బడి ఉద్యోగం మానేసి ఆయన దగ్గర చేరిననాటి నుంచీ ఇలాంటి వాళ్ళని చాలామందిని చూసింది. కానీ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ చాలని మనిషిని చూడటం ఇదే మొదలు.

కథ నెమ్మదిగా బయటికొచ్చింది. ఆ అమ్మాయి సెల్లో వాయిస్తుంది. వయొలిన్‌కి పెద్దక్కలాంటి వాద్యం, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించాలి. పొరుగుదేశంలో పెద్ద వాద్యబృందం పరీక్షకి రమ్మంది. నెగ్గితే అక్కడే ఉద్యోగం. విమానంలో సెల్లోకి కూడా పక్కసీటు తీసుకున్నారు. తీరా బయల్దేరేముందు ఆ సీటు దొరకలేదన్నాడు భర్త. చేసేదిలేక సామాన్ల గదిలో వేయించింది.

"వెళ్ళేదారిలో మాస్టారింటికెళ్ళాం. ఆ సెల్లో ఆయనిచ్చిందే. పైన చలికి తీగలు లాగేస్తాయని, ఆయనే లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తీగలు సడలించి పెట్టెలో సర్ది, తాళం వేసి చెవి నాకిచ్చారు. దిగాక తెరిస్తే సెల్లో మెడ, వేళ్ళు ఆనించే పొడుగు కర్ర, ఊడిపోయి ఉంది. పరీక్ష పోయింది."

"విమానంవాళ్ళేమన్నారు?"

"పెట్టెకి సొట్టయినా లేదన్నారు. తాళంచెవి నా దగ్గరే ఉంది. మా ఆయనా, మాస్టారూ ఏమంటున్నారంటే, పరీక్షంటే బెదిరి నేనే విరగ్గొట్టానట, ఆ సంగతి నాకే గుర్తులేదట." ఆమె పెట్టె వైపు చూసింది. "పదిసార్లు వింటే, నిజంగా నేనే చేశానేమో అనిపిస్తోందండీ."

డిటెక్టివ్ పెట్టె తెరిచాడు. లోపలి మఖమల్ మీద చెయ్యంతా తిప్పి అరచెయ్యి చూసుకున్నాడు.

"టీచరమ్మా, విరిగిన కర్రపేడు ఒక్కటైనా కనిపించిందా?"

"లేదు సార్. శుభ్రంగా ఉంది."

మెడ మొదట్లో మెరుగుపూత తెల్లగా పాలిపోయి ఉంది. దాని చుట్టూ కోడి గీరినట్టు సన్నని గాట్లు. టీచరమ్మకి అన్నీ కనిపించాయి, ఒక్కటీ అర్థం కాలేదు. అవే చూసి ఆయన అర్థం చేసుకుంటాడు, అందుకే ఆయనంటే ఆమెకంత గౌరవం.

తర్వాత డిటెక్టివ్ ఆమె భర్తని కలిశాడు. అతను పియానో పాఠాలు చెప్పుకుని బతుకుతాడు. వేళ్ళు నిబ్బరంగా ఉన్నాయి, చూపే నిలవలేదు.

"పక్కసీటు ఎందుకు దొరకలేదు?"

"నిండిపోయాయన్నారు."

"వాళ్ళనడిగాను. మీరే రద్దు చేశారన్నారు."

అతను తల దించుకున్నాడు. "మాస్టారే వద్దన్నారు. సామాన్లలోనే భద్రమన్నారు."

"ఆవిడ ఉద్యోగానికెళ్తే మీకేమిటి?"

"నేనిక్కడ ఒంటరిగా ఏం చెయ్యనండీ?"

ఆ సాయంత్రమే డిటెక్టివ్ అందరినీ మాస్టారి గదిలో కూర్చోబెట్టాడు. ఒకప్పుడు సభలు ఊపిన మనిషి ఆ మాస్టారు. ఇప్పుడాయన చేతిలో టీకప్పు సాసర్ మీద గలగలలాడుతోంది.

"పాపం, పిల్లని తిట్టకండి," అన్నాడాయన. "భయం మనిషిచేత ఏమైనా చేయిస్తుంది."

"నిజమే," అన్నాడు డిటెక్టివ్. "కర్ర విరిగితే పేళ్ళు రాలతాయి. ఇక్కడ రాల్లేదు. అంటే మెడ విరగలేదు, అతుకు ఊడింది. అది జిగురు అతుకు. వేడినీళ్ళలో ముంచిన కత్తి దూరిస్తే పట్టు వదులుతుంది, మెరుగు తెల్లబడుతుంది. ఆ పని సెల్లో ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళే చెయ్యగలరు."

"అయితే వాళ్ళాయనే చేసుంటాడు. ముందురోజు రాత్రంతా సెల్లో వాళ్ళింట్లోనే ఉందిగా," అన్నాడు మాస్టారు.

"అలాగైతే తీగలు సడలించినప్పుడు ఆ తెల్లమచ్చ మీ కళ్ళబడేది. అసలు మీరు తీగలు సడలించారా?"

"నా చేతులతో సడలించాను."

డిటెక్టివ్ తీగల్ని ఎత్తిపట్టే చిన్న చెక్కముక్కని, పడిపోయిన బ్రిడ్జిని, నిలబెట్టి, తీగలు దాని మీదికి చేర్చి, మెడని దాని గూట్లోకి నెట్టాడు. భర్త చెయ్యి వేసినా మెడ చివరిదాకా దిగలేదు. తీగలు ముందే బిగిసి అడ్డుపడ్డాయి.

"తీగలు సడలించి ఉంటే ఇది సులువుగా కూర్చోవాలి. అతుకు వదులుచేసి, తీగలు బిగువుగానే ఉంచి పెట్టె మూశారు. దారిలో ఒక్క కుదుపు చాలు, మిగతాది తీగలే లాగేస్తాయి. పక్కసీట్లో ఉంటే ఈవిడ పొదివి పట్టుకునేది, అందుకే సీటు మాన్పించారు. చెయ్యి నిలిచేవాడు ఇన్ని గాట్లు పెట్టడు మాస్టారూ. కత్తి వణికింది."

కప్పు చప్పుడు ఆగింది. మాస్టారు దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"అక్కడ నవ్వులపాలయ్యేది," అన్నాడు చివరికి. "ఆ అవమానం తప్పించాను. తండ్రిలాంటివాణ్ణి."

"దాని బదులు పిచ్చిదనిపించుకున్నా పరవాలేదా?" టీచరమ్మ ఆపుకోలేకపోయింది.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మాస్టారూ, ఒక్కటి చెప్పండి. సంగీతం మీద ఒట్టేసి చెప్పండి. వెళ్ళుంటే నెగ్గేదాన్నా?"



"నెగ్గేదానివే," అన్నాడు ముసలాయన. "నాకంటే బాగా వాయిస్తున్నావు. రెండేళ్ళయింది."

ఆమె తల ఊపింది. సెల్లోని ఎత్తి ఆయన ఒడిలో పెట్టింది.

"మీరిచ్చిందే, తీసుకోండి. వేడి జిగురు పూస్తే మళ్ళీ అతుక్కుంటుంది. అతికించి ఎదురుగా పెట్టుకోండి. నేను రాను, మీకు వాయించడం ఎలాగూ చేతకాదు."

భర్త లేచి నిలబడ్డాడు.

"నువ్వు కూర్చో," అంది అటు తిరగకుండానే. "ఆయనకి కప్పు పట్టుకోవడానికైనా ఒక మనిషుండాలి."

మెట్ల మీద ఆమె అడుగులు తొందరపడకుండా దిగిపోయాయి. టీచరమ్మ డిటెక్టివ్ వైపు చూసింది. ఆయన ఎవరినీ ఓదార్చలేదు, టోపీ అందుకున్నాడు.

వెనక మాస్టారు వంగి, వణికే వేలితో ఒక తీగని మీటాడు. అది పలకలేదు.