అక్తరత్త పోసిన మంచినీళ్లు

"ట్రాక్టరు డీజిల్ ట్యాంకు మూత ఒకటి కావాలి," అంది ఆ అమ్మాయి.

మాచర్లలో బెంజిమిన్ వెల్డింగు షాపుకు ఆ ఉదయం ఆమే బోణీ. చేతిలో నూనె మరకల గుడ్డపేలిక ఒకటి ఉంది.

"ఏ ట్రాక్టరుకండీ?"

"ట్రాక్టరుకు కాదు, పడవకి."

"పడవకి ఆ మూత పనికిరాదండీ."

"ఇన్నాళ్లూ ట్యాంకు మూతిలో ఈ గుడ్డే కుక్కాం. గుడ్డ పనికొచ్చింది, మూత పనికిరాదా?"

బెంజిమిన్ ఆ గుడ్డను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. గుడ్డ మీద నుంచి తిప్పుకున్నంత తేలిగ్గా ఆమె మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"ట్రాక్టరు మీద ఒలికిన డీజిల్ నేల మీద పడుద్ది. పడవలో ఒలికితే మీ కాళ్ల కిందే చేరుద్ది. ఎవరన్నా బీడీ పారేస్తే ఏంది గతి?"

"తనిఖీ సారు కూడా అదే చెప్పి పడవ కట్టేయించాడు," ఆమె ఒప్పుకుంది. "మీకు పడవల సంగతి బాగా తెలిసినట్టుందే."

"ఎప్పుడూ ఎక్కలేదండీ. నాకు ఈత రాదు."

ఆమె పకపకా నవ్వింది. షాపులో గ్రైండరు ఆగి చాలాసేపయినా బెంజిమిన్ చెవుల్లో ఏదో తిరుగుతూనే ఉంది.

ఆమె పేరు కృపామణి. గురజాల అవతల కృష్ణ రేవులో ఆమె తండ్రి ఇన్నయ్యకు డీజిల్ పడవ ఉంది. మనుషుల్నీ మిరప బస్తాల్నీ అవతలి గట్టుకు చేర్చే పడవ. తండ్రికి భుజం నొప్పి మొదలైనప్పటి నుంచి చుక్కాని ఆమె చేతిలోనే ఉంటోంది.

ఆ వారంలోనే బెంజిమిన్ మూడు రకాల మూతలు సంచిలో వేసుకుని రేవుకు వచ్చాడు. ఒడ్డు నుంచి పడవకు వేసిన చెక్క మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ ఎక్కాడు. కృపామణి మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనపడకుండా.

"ఈ ప్లాస్టిక్‌ది మన ఎండలకు పగిలిపోద్ది," అన్నాడతను. "ఇత్తడిది బాగుంటది గానీ..."

"తెల్లారేసరికి ఎవరో ఒకరు ఊడబీక్కుపోతారు. స్టీలుదే పెట్టు. మూతకు గొలుసుందా?"

"గొలుసెందుకు?"

"కృష్ణలో పడ్డ మూతలన్నీ ఏరితే నీ షాపు నిండుద్ది."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఊరుకున్నారు.

ఆ మూత బిగించడానికి డీజిల్ పోసే కొత్త మూతి ఇంజను పక్కనే పెడితే గొట్టం తిన్నగా ట్యాంకులోకి దిగుతుందని అతనన్నాడు. అక్కడ మిరప బస్తాలు వేస్తామంది ఆమె.

"డీజిల్ వాసనేసే మిరపకాయలు ఎవరు కొంటారు? ఎడమ పక్కన పెట్టు. ఆ పక్కే ఒడ్డుకు ఆనుద్ది, క్యానుతో పోసుకోవడం తేలిక."

"అయితే గొట్టం చుట్టు తిరగాల. మధ్యలో బొజ్జ వేలాడితే డీజిల్ అక్కడే నిలబడిపోద్ది."

"బొజ్జ వేలాడకుండా చూడటమే గదా నీ పని."

చూశాడు. ట్యాంకు దాకా గొట్టం ఒకే వాలుగా దించాడు. రెండు కొసలకూ రెండేసి క్లాంపులు బిగించాడు. పోసేటప్పుడు డీజిల్ వెనక్కి చిమ్మకుండా, ట్యాంకులో గాలి బయటికి పోయేందుకు సన్నటి గొట్టం పైకి లేపాడు. త్వరగా అయిపోయే పనే. కానీ అతను సాగదీశాడు, ఆమె తొందరపెట్టలేదు.

చివరికి ఇన్నయ్యే అడిగాడు. "ఏందబ్బాయ్, మా పిల్లంటే ఇష్టమేనా?"

బెంజిమిన్ చేతిలోని స్పానరు కృష్ణలో పడింది.

"శుక్రవారం తనిఖీ," అన్నాడు ఇన్నయ్య, స్పానరు మునిగిన చోటును చూస్తూ. "పడవ పాసైతే మీ అమ్మను తీసుకురా. కాకపోతే ఆ మాటెత్తమాక. పడవను చూసుకోలేనోడు పిల్లనేం చూసుకుంటాడు?"

బుధవారం ట్యాంకులో డీజిల్ పోసి, కృపామణి తనే మూత బిగించింది. దాని మీద బకెట్టు నీళ్లు గుమ్మరించింది. చుక్క కూడా లోపలికి దిగలేదు. "నా తనిఖీలో పాస్," అంది. ఆ రాత్రి వాన పడింది. వాన చప్పుడు ఎవరికి నిద్ర పట్టనిచ్చిందో, ఎవరికి పట్టనివ్వలేదో చెప్పనక్కర్లేదు.

గురువారం మధ్యాహ్నం బెంజిమిన్ గ్రీజు డబ్బా తెచ్చుకుని వచ్చేసరికి, పడవలో అక్తర్ బేగం ఆ స్టీలు మూత జాగ్రత్తగా తిప్పి బిగిస్తోంది. పక్కన రెండు ఖాళీ బిందెలు ఉన్నాయి.

రేవు పక్కన మొదటి ఇల్లు ఆమెది. అవతలి గట్టున కూతురికి నెలలు నిండాయి. పడవ ఎప్పుడు కదులుతుందా అని రోజూ వచ్చి చూసేది. వచ్చినప్పుడల్లా బెంజిమిన్‌కు ఏదో ఒకటి తినిపించేది.

"ఏందత్తా?"

"ఫిల్టరు నీళ్లు పోశా బేటా. రేపు సారొస్తాడు, జనమొస్తారు. నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉంటే ఏం బాగుంటది? మూత చూడు, మాషా అల్లా, ఎంత మెరుస్తందో."

ఆ మూత మీద ఇంగ్లీషులో డీజిల్ అని చెక్కి ఉంది. ఆమెకు అక్షరాలు రావు. పడవంతా ఎప్పుడూ అదే వాసన కాబట్టి ముక్కూ హెచ్చరించలేదు.

బెంజిమిన్ కాళ్ల కింద పడవ ఊగింది. రేపటి తనిఖీ, ఇన్నయ్య మాట, అన్నీ కలిసి ఊగాయి. ఆమె మొహం చూశాడు. మోకాళ్ల నొప్పులతో రెండు బిందెలు గట్టు దింపిన మనిషి, చెమట తుడుచుకుంటూ సంతోషంగా ఉంది.

"మంచి పని చేశావత్తా," అన్నాడు.

ఆమె గట్టెక్కాక ట్యాంకు అడుగు బిరడా విప్పాడు. తండ్రీ కూతుళ్లు వచ్చేసరికి బేసిన్‌లోకి నీళ్లు, ఆ వెనక డీజిల్ దిగుతున్నాయి.

"ఇదేంది?" అన్నాడు ఇన్నయ్య.

"రాత్రి వానకి నీళ్లు చేరినయ్. మూత సరిగ్గా బిగించలా నేను."

"రేపు తనిఖీ పెట్టుకుని? నేననుకున్న మనిషివి కాదబ్బాయ్ నువ్వు."

కృపామణి ముందుకొచ్చింది. "మూత బిగించింది నేను. అబద్ధమెందుకు చెప్తన్నావు? గొట్టం లీకా?"

"కాదు."

"మరేంది?"

బెంజిమిన్ వంగి బేసిన్‌ను సరిచేశాడు.

"నిజం చెప్పనోడితో పడవే నడపలేను, సంసారం ఎట్టా చేస్తా?" అనేసింది. అన్నాక ఆ మాట తనకే వినపడి, చెవుల దాకా ఎర్రబడింది.

అంతలో గట్టు మీద నుంచి అక్తర్ బేగం గొంతు వినిపించింది. అన్నం క్యారియరు పట్టుకుని దిగుతోంది. "ఏమే కృపా, ఆ ట్యాంకులో మంచినీళ్లు పోశా. తాగారా?"

కృపామణి మెరిసే మూతను చూసింది. బేసిన్‌ను చూసింది. చివరికి బెంజిమిన్‌ను చూసింది. అతను చాలా కొద్దిగా, వద్దన్నట్టు, తల అడ్డంగా ఊపాడు. అతని కళ్లలో తన కోసం ఏ వేడుకోలూ లేదు.

"తాగామత్తా," అంది ఆమె మెల్లగా. "చల్లగా ఉన్నయ్."

"నువ్వు తాగావా అన్నా?"

ఇన్నయ్య బేసిన్ వంక చూసి గొంతు సవరించుకున్నాడు. "తాగా. ఇంకో గ్లాసు తాగుదామా అని చూస్తన్నా."

ఆమె తృప్తిగా క్యారియరు ఇచ్చి వెళ్లిపోయింది. ఆమె గట్టు దాటాక ఇన్నయ్య భుజాలు కదిలాయి. నొప్పి భుజం పట్టుకుని మరీ నవ్వాడు.

"ముందా మూతకు ఎర్ర రంగు కొట్టు. పక్కనే నీళ్ల డ్రమ్ము ఒకటి పెట్టు. తర్వాత మీ అమ్మకు ఫోన్ చెయ్."

"తనిఖీ రేపు గదండీ?"

"అది పడవకు. పాస్ కాకపోతే ఇంకోసారి పెట్టించుకుందాం. నేను చూడాల్సింది నేను చూశా." క్యారియరు తీసుకుని ఒడ్డెక్కాడు.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక కృపామణి పైపలక విప్పి, పొడిగుడ్డతో లోపలికి వంగింది. బెంజిమిన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, రెండో గుడ్డ పిండుతూ మాట్లాడాడు.

"అమ్మా, ఒక అమ్మాయిని చూశా."

"ఎట్టా ఉంటదిరా?"

అతను తలెత్తాడు. ఆమె జడ ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"ఇప్పుడైతే డీజిల్ ట్యాంకులో ఉందమ్మా."

"బయటికొచ్చాక చెప్పు నాయనా, ఆదివారం నేనొస్తన్నానని."

ట్యాంకులోంచి గొంతు గుంయ్‌మంటూ వచ్చింది.

"శనివారమే రండత్తయ్యా."