కార్‌పార్క్ మీద జానీ భీమ్

పొద్దున్నే ఆరింటికి అలవాటుకొద్దీ కాఫీ కలిపిన వెంకటరమణమ్మకు, ఇవాళ భర్త మంచినీళ్ళు కూడా తాగకూడదని గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని గదిలోకి చూస్తే మంచం ఖాళీగా ఉంది. ఫోను బల్ల మీదే ఉంది.

తొమ్మిదింటికి ఆస్పత్రిలో చేరాలి. భీమారావు గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేస్తేనే ప్రాణం నిలుస్తుందన్నాడు డాక్టరు. నిన్న ఆయన "సరే" అని ఊరుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఇప్పుడామెను భయపెడుతోంది.

సాయానికొచ్చిన మనవరాలు యోగితను కుదిపి లేపింది. "తాత లేరే! నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"పానిక్ అవ్వకు, అమ్మమ్మా. కార్‌పార్క్ పైన ఉంటారు. ఎవ్రీ మార్నింగ్ అక్కడే. నీకు చెప్పొద్దన్నారు."

"మార్కెట్‌కని కదే వెళ్ళేది!"

వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు పక్కనే ఏడంతస్తుల కార్‌పార్క్. ఇద్దరూ పైకి వెళ్ళేసరికి ఆయన పిట్టగోడను ఆనుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు వినిపించింది, బొంగురు గొంతుతో ఇంగ్లీషు పాట. మోకాళ్ళు ఊగుతున్నాయి.

ఒకప్పుడు ఆయన జానీ భీమ్. జుట్టుకు నూనె పెట్టి ఎత్తుగా దువ్వి, గిటారు మీద రాకబిల్లీ అనే హుషారైన ఇంగ్లీషు పాటలు పాడేవాడు. ఆదివారం డాన్సుల్లో, ఈ దేశంలో అప్పటికింకా ఉన్న తెల్ల సిపాయిల క్లబ్బుల్లో ఆరేళ్ళు పాడాడు. ఒకే ఒక్క రికార్డు వేశాడు. పెళ్ళితో అంతా ఆగిపోయింది.

"ముందా గోడ దగ్గర్నించి ఇవతలికి రండి!"

"దూకుతాననుకున్నావా రమణా? దూకను. కానీ ఆపరేషన్ వద్దు."

"యాభై ఐదేళ్ళుగా పాడని మనిషికి ప్రాణం కంటే గొంతెక్కువైందా?"

"పాడలేదని ఎవరన్నారు? ఇక పాడనని పెళ్ళికి ముందు మీ నాన్నకిచ్చిన మాట కోసం ఇంట్లో పాడలేదు. ఇక్కడ రోజూ పాడుతున్నాను. ఇదీ పోతే నాకింకేం మిగుల్తుంది?"

వెంకటరమణమ్మ అక్కడే కూలబడింది. పెళ్ళిచూపుల్లో ఆమెను పాట పాడమన్నారు. భయంతో గొంతు పెగల్లేదు. ఆమెను గట్టెక్కించడానికి పెళ్ళికొడుకే లేచి, మోకాళ్ళు ఊపుతూ పాటందుకున్నాడు. పెద్దలంతా నోళ్ళు వెళ్ళబెట్టారు.

"ఆ షరతు నాన్నది కాదండీ, నాది. ఆ రోజు ఆడవాళ్ళందరూ మిమ్మల్నే చూశారు. ఎవత్తో ఎగరేసుకుపోతుందని భయపడి నాన్న చేత చెప్పించాను. నన్ను క్షమించండి."

ఆయన గోడ వదిలి ఆమె వైపు తిరిగాడు.

"పాపం ముసలాయన్ని ఇన్నేళ్ళూ ఎంత తిట్టుకున్నానే!"

"నన్ను తిట్టండి. కానీ బతికుండి తిట్టండి."

"గొంతు లేకుండా ఎలా తిట్టను?"

"కాగితం మీద రాయండి. చదువుకుంటాను."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"భయంగా ఉందే." పెళ్ళయినప్పట్నించీ ఆ మాట ఆయన నోట ఆమె వినలేదు.

"నాకూ అలాగే ఉంది. ఒక్కటి పాడండి, వింటాను. తర్వాత వెళ్దాం."

ఆయన పాడాడు. రెండుసార్లు గొంతు పూడుకుపోయింది. ఆగిన చోటల్లా ఆమె "ఊఁ" అంది. ఆయన మళ్ళీ అందుకున్నాడు. పాట పూర్తయ్యాక యోగిత కళ్ళు తుడుచుకుని టాక్సీ పిలిచింది.