గాదె దిగని మనిషి

పొద్దున్నే ఖమ్‌పాన్ పొయ్యి మీది ఆవిరిబుట్ట దించి, జిగురన్నాన్ని చెక్కపళ్ళెంలో కుమ్మరించి, వేడి పోయేలా అటూ ఇటూ తిరగేస్తున్నాడు. ముందురోజు సాయంత్రం చెప్పాపెట్టకుండా లంపాంగ్ పట్నం నుంచి వచ్చిన కూతురు పియెంగ్‌ఫా గుమ్మంలో కూర్చుని వీధి వైపే చూస్తోంది. అక్కడ ఆసుపత్రిలో నర్సు ఆమె. పండగకైనా సెలవు దొరకదని వాపోయే పిల్ల, పంటల పనీ పండగా ఏదీ లేని రోజున ఎందుకొచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

"ఎవరైనా వస్తామన్నారా?" అనడిగాడు.

"ఎవరొస్తారు నాన్నా. ఆ పచ్చడి ఇలా జరుపు."

కాల్చిన మిరపకాయల పచ్చడి ముందుకి జరిపాడు. ఆమె అన్నం ఉండ చేసి పచ్చడిలో అద్దింది. నోట్లో పెట్టుకోకుండా చేత్తో పట్టుకునే ఉండిపోయింది. భార్య సీనువాన్ బతికుంటే ఈపాటికి కూతురి గడ్డం పట్టుకుని విషయం లాగేసేది. ఆమె పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోతున్నాయి.

ఖమ్‌పాన్ చేతులు తుడుచుకుని గంప అందుకున్నాడు. "బియ్యం నిండుకున్నాయి. కాస్త ధాన్యం తీసి మర పట్టిస్తాను."

"ఇవాళ గాదె ఎక్కొద్దు నాన్నా."

"పున్నమి కాదు, అష్టమి కాదు. ఎక్కితే తప్పేం?"

అంతలో వీధి మలుపులో లారీ చప్పుడు వినిపించింది.

ఇంటి పక్కన, మామిడిచెట్ల నడుమ ఉంది ఆ గాదె. సీనువాన్ తాత కట్టించింది. మనిషి కౌగిలికి అందని టేకు స్తంభాలు, వాటి మీద నిలువెత్తున చెక్క గది, చుట్టూ సన్నని వసారా, పైన నాచు పట్టిన పెంకులు. ఎన్ని వానలు కడిగాయో, టేకు బూడిదరంగుకి తిరిగి వెండిలా మెరిసేది. తలుపు తెరిస్తే చాలు, ఎండిన గడ్డీ పాత చెక్కా కలిసిన వెచ్చటి వాసన మొహానికి తగిలేది. గాదె కింది నీడలో సీనువాన్ మగ్గం ఆడింది, ఎడ్లబండి నిలిచింది, పియెంగ్‌ఫా ఉయ్యాలలూగింది. ఊళ్ళో గాదెలన్నీ ఒక్కొక్కటిగా పట్నాల పాలయ్యాయి. ఇది మటుకే మిగిలింది.

లారీలోంచి ముందు దిగినవాడు థవిన్, సీనువాన్ అన్నగారు. పట్నంలో స్థిరపడ్డ మనిషి. వెనకాల తెల్లబట్టల్లో కెమెరా పట్టుకుని ఒకావిడ, ఆ తర్వాత తాళ్ళూ గునపాలూ మోసుకుంటూ పనివాళ్ళు దిగారు.

"చూశారా, నేను చెప్పలేదూ," అన్నాడు థవిన్ ఆవిడతో. "ఒక్క మేకు లేదు. చెక్కకి చెక్క బిగించి కట్టిందే అంతా."

ఆవిడ స్తంభానికి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. ఆవిడకి అది నిజంగానే నచ్చిందని ఖమ్‌పాన్‌కి తెలుస్తూనే ఉంది. "దీన్ని మా చియాంగ్‌మాయి రిసార్టులో ఇలాగే నిలబెడతాం. లోపల మంచం, కింద స్నానాలగది. పాత పల్లెటూరి కళ అంటే ఇదీ," అంది.

ఖమ్‌పాన్ గంప కింద పెట్టాడు. "ఏం జరుగుతోంది బావగారూ?"

థవిన్ మేనకోడలి వైపు చూశాడు. "అదేమిటి, నువ్వింకా చెప్పలేదా?"

పియెంగ్‌ఫా తలొంచుకుంది. "చెబుదామనుకునే వచ్చాను మావయ్యా. నోరు రాలేదు."

"గాదె అమ్మేశావా?" అన్నాడు ఖమ్‌పాన్. గొంతు మామూలుగానే ఉంది. "నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"అంటే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను."

"అందుకే అనలేదు."

థవిన్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఖమ్‌పాన్, గొడవ చెయ్యకు. ఇల్లూ గాదే మా అమ్మవి, ఆమె తర్వాత చెల్లెలివి, ఇప్పుడు ఈ పిల్లవి. నువ్వు ఇల్లరికం వచ్చినవాడివి. హక్కులు మాట్లాడుకుంటే బాగుండదు."

ఆ మాట తప్పేం కాదు. అక్కడి మగవాళ్ళందరిలాగే ఖమ్‌పాన్ కూడా పెళ్ళయ్యాక చాపచుట్ట చంకన పెట్టుకుని అత్తవారింటికి వచ్చినవాడే. ఇల్లు ఆడపిల్లలది, ఇంటి దేవతలు ఆడవాళ్ళ వంశానివి. వచ్చిన ఏడాది అతని తిండి చూసి సీనువాన్ అక్క బువాలై "గాదె కింద పందికొక్కు దొరికింది మనకి" అని ఊరంతా చాటింది. ఆ పేరు చాలాకాలం పోలేదు. ఆ ఏటి కోతలయ్యాక అత్తగారు నిచ్చెన తెచ్చి స్వయంగా గాదెకి ఆనించి, "ఎక్కు. నీ చేత్తో పొయ్యి" అంది. ధాన్యం పోసి దిగేసరికి అతను ఆ ఇంటివాడైపోయాడు. మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

భుజం మీది చెయ్యి మెల్లిగా తీసేసి ఖమ్‌పాన్ గాదె దగ్గరికి నడిచాడు. కింద పడుకోబెట్టి ఉన్న నిచ్చెన ఎత్తి ఆనించాడు. ఎక్కాడు. వసారాలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నిచ్చెనని కూడా పైకి లాగేసుకున్నాడు.

"ఇక విప్పుకోండి," అన్నాడు. "నాతో కలిపి విప్పుకోండి."

పనివాళ్ళ మేస్త్రీ చాయ్ తలగుడ్డ తీసి బుర్ర గోక్కున్నాడు. "అయ్యా, పైన పెద్దమనిషి కూర్చుని ఉండగా పెంకు మీద చెయ్యి వెయ్యం. అరిష్టం. మా ఇళ్ళలోనూ పిల్లలున్నారు."

"లారీకి నిచ్చెన ఉంది కదా. ఎక్కి దింపండి," అన్నాడు థవిన్.

"ఎవడురా ఎక్కేది?"

ఆ గొంతు బువాలైది. పక్క ఆవరణ నుంచి చీపురు పట్టుకునే వచ్చేసింది. ఆమె వెనక ఇరుగూపొరుగూ పోగయ్యారు. బువాలై కెమెరా ఆవిడని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇందులో మనుషుల్ని పడుకోబెడతావుటమ్మా?"

"అవునండీ. చాలామంది ఇష్టపడతారు."

"గాదెలో మనుషులు పడుకుంటే గింజలెక్కడ పడుకుంటాయి? గాదెని ఇల్లు చేసినవాడు బాగుపడ్డట్టు మా వైపు ఎక్కడా లేదు. తెలియకపోతే తెలుసుకో."

"అక్కా, నువ్వు మధ్యలో రాకు," అన్నాడు థవిన్. "ఫోన్ చేసి పిల్లని హడలగొట్టింది నువ్వే కదా."

ఖమ్‌పాన్ పైనుంచి వంగి చూశాడు. "ఏం చెప్పావు వదినా?"

బువాలై చీపురు చేతులు మార్చుకుంది. "వానల్లో నిచ్చెన జారి పడ్డావనీ, నా పిలుపుకి పలికేదాకా బురదలోనే ఉన్నావనీ చెప్పాను. చెప్పొద్దన్నావు, చెప్పాను. గాదె అమ్మమని మాత్రం చెప్పలేదు."

పియెంగ్‌ఫా గాదె కిందికి వచ్చి నిలబడింది. ఊరి జనం చూస్తున్నారన్న ధ్యాస ఆమెకి లేదు.

"దిగు నాన్నా."

"దిగను."

"నాతో లంపాంగ్ రా. ఇది ఉన్నంతకాలం నువ్వు రావు. మళ్ళీ ఎక్కుతావు, మళ్ళీ పడతావు. ఆసుపత్రిలో రోజూ చూస్తున్నాను నేను, తుంటి విరిగి వచ్చే ముసలివాళ్ళని. నిన్ను కూడా అలా మోసుకొస్తే చూడాలా?"

"పడితే పడతాను. నేను పడతానని ఇంటికి గోడలు తీసేస్తారా?"

"అమ్మ ఏం చేసింది?" అంది పియెంగ్‌ఫా. "కడుపులో నొప్పి కోతలయ్యేదాకా దాచుకుంది. గాదె నిండితే చాలనుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి డాక్టర్లు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నేను నర్సుని నాన్నా. ఒక్క నెల ముందు చెప్పుంటే... మీ ఇద్దరికీ నాకంటే ఇదే ఎక్కువ. దీన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోనీ, ఎవరైనా పట్టుకుపోనీ."

కెమెరా ఆవిడ కెమెరా దించేసింది.

ఖమ్‌పాన్ నిచ్చెన కిందికి వదిలాడు. థవిన్ సైగ చేశాడు గానీ చాయ్ కదల్లేదు.

"నువ్వొక్కదానివే ఎక్కు," అన్నాడు ఖమ్‌పాన్.

ఆమె ఎక్కింది. అతను తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి లోపలికి దారిచ్చాడు. చెక్కల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. ముందువైపు ఈ ఏటి ధాన్యం. దాన్ని దాటి మూలకి వెళితే అడ్డంగా ఒక చాప కట్టి ఉంది. ఖమ్‌పాన్ చాప పక్కకి లాగాడు. వెనక మోకాలెత్తు ధాన్యపు రాశి.

"మీ అమ్మ ఆఖరిసారి కోసిన పంట," అన్నాడు. "రోజూ చెప్పాను, లంపాంగ్ పోదామని. ఒకరోజు బండి కూడా పిలిచాను. బండి వెనక్కి పంపేసి కొడవలి పట్టుకుని పొలానికి పోయింది. ఆవిడ వద్దన్నాక అవుననిపించినవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? నీకు ఫోన్ చేస్తానంటే, చేస్తే నాతో మాట్లాడనంది. నేను భయపడ్డాను. మాట్లాడకపోయినా సరే, చెయ్యాల్సింది. ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు చెప్పకముందే తెలుసు."

పియెంగ్‌ఫా వంగి రాశిలో చెయ్యి పెట్టింది. మణికట్టుదాకా దిగింది.

"ఎందుకుంచావు?"

"తినలేకపోయాను. విత్తుదామంటే అదీ చెయ్యలేకపోయాను. ఇంట్లో ఉన్నవన్నీ ఆవిడవే. మగ్గం, గిన్నెలు, నువ్వు. మేమిద్దరం కలిసి చేసింది మటుకు ఈ గాదెలోనే ఉంది. ఇల్లు అమ్ముకో తల్లీ, అడ్డం చెప్పను. చాపచుట్టతో వచ్చాను, దాన్నే పట్టుకుని పోతాను. ఇది మాత్రం నేను బతికుండగా విప్పనివ్వను. నా మీద కోపముంటే నా మీద చూపించు."

ఆమె గింజలు పిడికిట్లోకి తీసుకుని అక్కడే కూలబడింది. తల్లి పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆ రోజు ఆమె ఆసుపత్రి మనిషిలా కాగితాలూ వాహనాలూ చూసుకుంటూ తిరిగింది. ఖమ్‌పాన్ పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఆమె జుట్టులో పడ్డ పొట్టు ఒక్కొక్కటే ఏరుతూ ఉండిపోయాడు.

కాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. "పురుగు పట్టిందా?"

"లేదు. నెలకోసారి తిరగేస్తాను."

"అయితే దీన్ని తినాలి నాన్నా. అమ్మ నొప్పితో కోసింది మనం తినడానికి. చాప కట్టి చూసుకోవడానికి కాదు."

"అది నావల్ల కాదు."

"నావల్లా కాదు. ఇద్దరం కలిసి తిందాం."

ఆమె లేచి వసారాలోకి వచ్చింది. కింద థవిన్ చెమట తుడుచుకుంటున్నాడు.

"మావయ్యా, నన్ను క్షమించండి. మీ మాట పోగొట్టాను. గాదె అమ్మను."

"ఇదేం పిల్లాటమ్మా. వీళ్ళు అంత దూరం నుంచి..."

"నా పేరు చెప్పండి. మేనకోడలు మాట తప్పిందని చెప్పండి. నిందంతా నేనే మోస్తాను." తర్వాత కెమెరా ఆవిడ వైపు తిరిగింది. "మీరు పాత గాదె కొనడానికి వచ్చారు. మాది ఇంకా పాతబడలేదండీ. ఇందులో ధాన్యం ఉంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా వెళ్ళబోతూ స్తంభాన్ని ఒకసారి నిమిరింది. చాయ్ అప్పటికే తాళ్ళు లారీలోకి విసిరేస్తున్నాడు. బువాలై తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "మొహం అలా పెట్టకు. కాఫీ తాగి పో. తోడబుట్టినదాన్ని, నీ మాటకి ఎంత విలువో నాకు తెలుసు" అంది. థవిన్ కోపంగానే ఆమె వెంట నడిచాడు.

జనం పలచబడ్డాక పియెంగ్‌ఫా తండ్రి మీదికి తిరిగింది. "నిచ్చెన మార్పిస్తాను. వెడల్పు మెట్లు, రెండువైపులా పట్టుకోవడానికి కర్రలు."

"ఎలుకలు కూడా పట్టుకుని ఎక్కుతాయి."

"ఎక్కనీ. పిల్లిని తెస్తాను. వాన పడితే ఎక్కకూడదు. నెలకోసారి లంపాంగ్ వచ్చి నాలుగు రోజులుండాలి."

"నెలకోసారి కుదరదు. నాట్లున్నాయి."

"అయితే పనివాళ్ళని వెనక్కి పిలుస్తాను."

"పిలు," అన్నాడు ఖమ్‌పాన్. "మళ్ళీ ఎక్కి కూర్చుంటాను." అని, ఆమె మొహం చూసి, "రెండు నెలలకోసారి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రాశిలోంచి ఒక గంప నింపి మరకి తీసుకెళ్ళారు. బియ్యం రాత్రంతా నానాయి. మర్నాడు పొద్దున పొయ్యి పియెంగ్‌ఫాయే వెలిగించింది. ఖమ్‌పాన్ గుమ్మం దగ్గర కూర్చుని పొయ్యి వైపు చూడలేదు. ఆవిరి లేచి వాసన ఇల్లంతా కమ్ముకున్నాక మాత్రం తల తిప్పాడు.

బువాలై పచ్చడిగిన్నెతో వచ్చి, ఎవరూ పిలవకుండానే చాప మీద కూర్చుంది. పియెంగ్‌ఫా మొదటి ఉండ చేసి తండ్రి చేతిలో పెట్టింది. అతను నోట్లో పెట్టుకుని, మింగలేక, నములుతూనే ఉన్నాడు. ఆమె కూడా తన ఉండ నోట్లో వేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"గట్టిగా ఉంది," అంది. "ఎంత నమిలినా లొంగడం లేదు."

బువాలై అన్నం పచ్చడిలో అద్దుకుంటూ తలెత్తకుండానే అంది.

"మీ అమ్మ పండించింది మరి. అంత తేలిగ్గా లొంగుతుందా?"