అందరికీ నార్మలే

కుర్చీ చూపించినా నర్సు కూర్చోలేదు. క్లినిక్ నుంచి యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది.

"అమ్మా, నేను తప్పు చేశానో లేదో మీరే తేల్చాలి. చేశానంటే ఉద్యోగం నేనే మానేస్తాను. కానీ నాకు తెలియాలి."

ఆరాలమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరచిపోయారు. డిటెక్టివ్ పని మొదలుపెట్టిన కొత్తలో ఎవరో ఎగతాళిగా తగిలించిన పేరు అది, అదే ఖాయమైపోయింది. మూల కుర్చీలో ఉన్న మరదలు, అంటే ఆవిడ తమ్ముడి భార్య, కాఫీ పక్కన పెట్టి చెవులు రిక్కించింది. వదిన గాలికి ఎగిరిపోయేంత సన్నం. మరదలు కూర్చుంటే కుర్చీ మూలిగేంత నిండు మనిషి. ఈ ఇద్దరూ కేసు మీద బయల్దేరితే వీధిలో జనం మూతులు బిగించి నవ్వు ఆపుకునేవాళ్ళు. మరదలికి అదేం పట్టేది కాదు. వదిన మాటంటే ఆమెకు వేదవాక్కు.

నర్సు చెప్పింది. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాళ్ళకు వాళ్ళ క్లినిక్‌లో వైద్యం ఉచితం. బీమావాళ్ళు ఏటా వచ్చి, రోగులను ఎంత బాగా చూస్తున్నారో లెక్కగట్టి స్టార్లు ఇస్తారు. బీపీ ఉన్నవాళ్ళలో ఎంతమందికి అదుపులో ఉందన్నది అందులో పెద్ద ప్రమాణం. నిరుడు ఈ క్లినిక్ అట్టడుగున పడింది. మళ్ళీ పడితే బీమా నుంచి తీసేస్తామన్నారు. ఈ ఏడు మాత్రం ఒక్కసారిగా పైకెక్కి కూర్చుంది.

"ఇంతలో మా దర్జీ బాబాయి బీపీ చూశాను. నార్మలే. మర్నాడే పక్షవాతం వచ్చింది. నోరు, కుడి చెయ్యి రెండూ పడిపోయాయి. పెద్దాసుపత్రిలో చూస్తే బీపీ ఆకాశంలో ఉందట. నేను చూడకుండానే అంకెలు వేశానని వాళ్ళావిడ అందరి ముందూ దుమ్మెత్తి పోసింది. రేపు బీమా అధికారి విచారణకొస్తున్నారు."

"చూశావా మరి?"

"ఈ రెండు కళ్ళతో చూశానమ్మా."

"అయితే భయం దేనికి?"

"అదే నా భయం. చూసి కూడా తప్పు చదివానంటే, నా చేతిలో ఇంకెంతమంది ఇలా ఉన్నారో!"

ఆరాలమ్మ లేచి చెప్పులు వేసుకుంది. తన ఉద్యోగం కంటే ముందు రోగులను తలచుకున్న ఆ మాట మరదలికి గుండెలో తగిలింది.

క్లినిక్ చిన్నదే అయినా అద్దంలా ఉంది. ముందు గదిలో బల్లలు, గోడకు కొత్త స్టార్ల బోర్డు, ఓ మూల నర్సు బల్ల, దాని మీద బీపీ మిషన్. చేతికి చుట్టే పట్టీ పాతది చిరిగిపోతే, సామాను బీరువాలో కనిపించిన కొత్తది వాడుతున్నానని నర్సు చెప్పింది.

"మా ఇద్దరికీ చూడు," అంది ఆరాలమ్మ.

మరదలికి పొద్దున ఇంట్లో చూసుకున్నంతే వచ్చింది. ఆరాలమ్మకు నార్మల్. ఆవిడ పెదవి విరిచింది. పొద్దున ఇంట్లో చూసుకున్నప్పుడు ఆమెది బాగా ఎక్కువే. ఆ పట్టీ తన సన్నటి జబ్బను భుజం నుంచి మోచేతి మడత దాకా కప్పేసింది. "మామూలు సైజు" అని దాని మీద ఓ గుడ్డముక్క కుట్టి ఉంది. ఆ కుట్టును బొటనవేలితో తడిమి, "పనితనం బాగుంది," అని మాత్రం అంది.

"కొంచెం వెడల్పనిపించిందమ్మా, కానీ సైజు రాసే ఉంది కదా అనుకున్నాను," అంది నర్సు.

మేనేజరు ఎదురొచ్చాడు. బక్కపలచటి మనిషి. గొంతు మాత్రం ఇంటి పైకప్పు లేచిపోయేలా ఉంది.

"డిటెక్టివులా? ఇదేమన్నా దొంగల కొంపా? స్టార్లు ఊరికే రాలేదు, రాత్రింబవళ్ళు కష్టపడ్డాం!"

"సామాను తెప్పించేది మీరేనా?"

"పెట్టెలొస్తే బీరువాలో పెట్టిస్తాను. అందులో ఏముందో నాకేం తెలుసు? తాళం నా దగ్గరా ఉంది, డాక్టరుగారి దగ్గరా ఉంది."

"మీకు బీపీ ఉందా?"

"ఉండేది! ఇప్పుడు వారం వారం ఈ అమ్మాయి చేతే చూపించుకుంటున్నాను. నార్మలే. మాత్రలు కూడా సగానికి తగ్గించేశాను," అని రొమ్ము విరుచుకున్నాడు.

డాక్టరు మెత్తటి మనిషి. ఆయన కూడా సన్నమే. రోగులు ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డారు. దర్జీ మాటెత్తితే ఆయన కళ్ళు చెమర్చాయి.

"నర్సమ్మ మంచిదే. పని ఒత్తిడిలో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది," అన్నాడు.

"మీ ఆరోగ్యం ఎలా ఉంది డాక్టరుగారూ?"

"నాకూ బీపీయే. పక్క వీధిలో మా స్నేహితుడి క్లినిక్ ఉంది, అక్కడ చూపించుకుంటాను. సొంత వైద్యం పనికిరాదంటారు కదా," అని నవ్వాడు.

బయటికి రాగానే మరదలు ఆగలేకపోయింది. "వదినా, ఆ మేనేజరే! గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మనం అడక్కముందే ఎలా ఎగిరాడో చూశావా?"

"అరిచేవాళ్ళంతా దొంగలైతే మా తమ్ముడు నిన్నెప్పుడో జైల్లో పెట్టించేవాడు. నడు, దర్జీ ఇంటికి."

నర్సును అడిగి తెచ్చిన పట్టీ ఆవిడ సంచిలో ఉంది. దర్జీ గోడవైపు తిరిగి మంచం మీద పడుకున్నాడు. భార్య గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఆ నర్సు పంపిందా? వెళ్ళిపొండి!" అంది. ఆరాలమ్మ వాదించలేదు. పట్టీ చూపించి, ఒక్కసారి ఆయన చేతికివ్వమంది. పుల్లలా సన్నటి దర్జీ ఎడమ చెయ్యి గుడ్డను తడుముతూ పోయి, సైజు ముక్క దగ్గర ఆగింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్య వంగి చూసి నిర్ఘాంతపోయింది.

"ఇది మా ఆయన కుట్టే! చివర ముడి ఇలా వేసేది ఈయనొక్కడే."

ఆరాలమ్మ ఆయన చెవి దగ్గర వంగి రెండు ప్రశ్నలు అడిగింది. గుమ్మంలో ఉన్న మరదలికి వినపడలేదు. మొదటిదానికి ఆయన తల అడ్డంగా ఊపాడు, రెండోదానికి నిలువుగా.

మర్నాడు క్లినిక్ ముందు గదిలో అందరూ చేరారు. బీమా అధికారి, డాక్టరు, మేనేజరు, నర్సు, దర్జీ భార్య. అధికారిని అడిగి తెప్పించిన సరైన పట్టీని ఆరాలమ్మ క్లినిక్ పట్టీ పక్కన పరిచింది. రెండింటి మీదా ఒకటే సైజు. అయినా క్లినిక్‌ది చాలా వెడల్పు.

"ఇది లావు చేతులకు కొనే పట్టీ," అంది. "సన్న చేతికి చుడితే ఉన్న బీపీ కంటే తక్కువ చూపిస్తుంది. మా మరదలికి సరిగ్గా చెప్పింది, నాకు అబద్ధం చెప్పింది. అసలు సైజు కనపడకుండా ఎవరో దీని మీద వేరే ముక్క కుట్టించారు. నర్సు చూసినమాట నిజం, చదివింది నిజం. అబద్ధమంతా పట్టీలో ఉంది."

"తాళం ఇద్దరి దగ్గర ఉందిగా," అన్నాడు అధికారి.

"ఆ ఇద్దరికీ బీపీ ఉంది, ఇద్దరివీ సన్న చేతులే. ఒకాయన వారం వారం ఈ పట్టీకే చెయ్యి అప్పగించి, దాన్ని నమ్మి మాత్రలు తగ్గించుకున్నాడు. తెలిసినవాడు ఆ పని చేస్తాడా? రెండో ఆయన ఇంట్లో అందరికీ వండి పెట్టి, తాను మాత్రం పక్కింట్లో తింటున్నాడు. కూరలో ఏం కలిపాడో ఆయనకు తెలుసు కాబట్టి!"

గదిలో అందరూ డాక్టరు వైపు తిరిగారు.

"దర్జీని అడిగాను. తెచ్చింది మేనేజరా అంటే కాదన్నాడు, డాక్టరుగారా అంటే అవునన్నాడు. దేనికో తెలియక కుట్టాడు పాపం. తరవాత దాని కిందే చెయ్యి పెట్టాడు."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "మాత్రలు వేసుకోమంటే ఎవరూ వేసుకోరు. అంకెలు దిగవు. క్లినిక్ మూసేస్తే వీళ్ళెక్కడికి పోతారు? ఒక్క ఏడాది గట్టెక్కితే చాలనుకున్నాను."

"తలుపులైతే తెరిచే ఉంచారు. వచ్చినవాళ్ళకు మీకేం లేదు పొమ్మన్నారు," అంది ఆరాలమ్మ. ఆమె గొంతులో అంత కోపం మరదలు ఎన్నడూ వినలేదు.

మేనేజరు తన జబ్బను తానే పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. తప్పు నర్సుది కాదని అధికారి గట్టిగానే ప్రకటించి, డాక్టర్ని వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. నర్సు ఆ మాట విన్నట్టు కూడా లేదు. సరైన పట్టీ మిషన్‌కు తగిలించి, ఈ ఏడు నార్మల్ అని పంపిన సన్న చేతులవాళ్ళందరినీ తిరిగి పిలవాలని మరదలితో అంటోంది.

దర్జీ భార్య వచ్చి ఆమె ముందు కూర్చుంది. క్షమించమనలేదు. రవిక చెయ్యి పైకి మడిచి, ఎముకలు తేలిన జబ్బ బల్ల మీద పెట్టింది.

"పోయిన నెల నాకూ నార్మలే అన్నావు."

నర్సు చూసింది. మళ్ళీ చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"పిన్నీ, మీరు ఇంటికెళ్ళొద్దు. ఇటునుంచిటే పెద్దాసుపత్రికి పదండి, ఈ అమ్మగారు తోడొస్తారు."

"ఆయనకు అన్నం పెట్టాలి. పక్కింటావిడ కూర్చుంది కానీ, ముద్ద నా చేత్తో తప్ప మింగడు."

"నేను వెళ్ళి పెడతాను."

దర్జీ భార్య ఆమెను ఎగాదిగా చూసింది. తరవాత లేచి, మరదలి చెయ్యి ఆసరా పట్టుకుంది.

"నేను పంపానని చెప్పు," అంది. "తింటాడు."